రెండుకు ముందు ఒకటి

ఆ కేస్ షీట్ జెరాక్స్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఛార్జ్ మెమోతో పాటు ఇచ్చిన కాగితాల్లో అదొకటి. జెరాక్స్‌లో సిరా తేడా తెలియదు గానీ అసలు షీట్‌లో బాగా తెలిసేది. నల్ల పెన్నుతో రాసిన ‘2’, దాని ముందు నీలం పెన్నుతో నిలువుగా ఒక గీత. రెండు కాస్తా పన్నెండు అయింది. ఆ గీత చుట్టూ పదమూడు నెలలు తిరిగాను.

నేను స్టాఫ్ నర్సుని. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, కొన్నేళ్లు కాంట్రాక్టు మీద చేసి, ఆ తర్వాత రెగ్యులర్ అయ్యాను. ఇది జరిగేనాటికి అన్నీ కలిపి పదహారేళ్లు. ఆంధ్రలో ఒక ఏరియా ఆస్పత్రి. ఏ ఊరో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి పలకరిస్తారు.

2022 ఆగస్టు. మగవాళ్ల మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ. జ్వరాల సీజన్. మంచాలు ముప్పై, పేషెంట్లు నలభై ఒక్కరు. మిగిలినవాళ్లు వరండాలో స్ట్రెచర్ల మీద, చాపల మీద. లెక్క ప్రకారం ఇద్దరు సిస్టర్లం ఉండాలి. రెండో ఆవిడని లేబర్ రూమ్‌కి పంపారు. ఒక ఎమ్మెన్వో (వార్డు పనుల్లో సాయం చేసే మగ ఆర్డర్లీ), నేను. జనరల్ ఆస్పత్రి వార్డులో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పే లెక్క. ఆ జవాబు మేమంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. వార్డులో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పద్నాలుగో మంచం మీద అరవై దాటిన పెద్దాయన. షుగర్ మనిషి, కాలికి సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్. రాత్రి భోజనానికి ముందు 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది, నెమ్మదిగా పనిచేసేది కలిపిన మిక్స్‌డ్ రకం) 20 యూనిట్లు ఇవ్వాలి. ఇచ్చాను.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్, అంటే మందు సీసాలు, రెండు రకాలు దొరుకుతాయి. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేవి, 100 యూనిట్లు ఉండేవి. దేని సిరంజి దానికే. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత. మా ఆస్పత్రికి ఎప్పుడూ వచ్చేది 40 వయలే. ఏళ్ల తరబడి ఎర్ర మూత తప్ప మరో మూత తీసిన గుర్తు లేదు నాకు. ఆ వారం స్టోర్‌లో స్టాక్ అయిపోతే లోకల్ పర్చేజ్‌లో కొన్ని వయల్స్ తెచ్చి వార్డు ఫ్రిజ్‌లో పెట్టారు. అవి 100వి. రిపోర్ట్ బుక్‌లో ఎవరూ రాయలేదు. డ్యూటీ అప్పగించేటప్పుడు ఎవరూ చెప్పలేదు. లేబుల్ మీద మాత్రం 100 అని స్పష్టంగా ఉంది. నేను చదవలేదు.

ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే అర ఎంఎల్ వస్తుంది. 40 వయల్ అయితే అది 20 యూనిట్లు. 100 వయల్ అయితే 50. రెండున్నర రెట్లు.

ఆ సంగతి తెలియకుండానే రాత్రి పన్నెండుంపావుకి టేబుల్ దగ్గర కూర్చున్నాను. అప్పటికి ఐదు కొత్త అడ్మిషన్లు అయ్యాయి. చార్టులో రాత్రి పది, తెల్లవారుజామున రెండు, ఆరు అని మూడు గడులు ఉంటాయి. పదింటివి రాయడం అప్పటికి కుదరలేదు. అవి రాస్తూ పనిలో పనిగా రెండింటి గడి కూడా నింపేశాను. పదింటికి 130/80 ఉన్నాయనకి రెండింటికి మాత్రం ఎంతుంటుంది, మహా అయితే 128. ‘2 ఏఎం, బీపీ 130/80, పల్స్ 82, నిద్రపోతున్నారు.’ నలభై ఒక్కమందికీ అదే వరస. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. ట్రైనింగ్‌లో నా సీనియర్ నాకు నేర్పింది, నేను నా జూనియర్లకి నేర్పాను. ఇలా చేయమని నోటితో ఎవరూ చెప్పరు, చూసి నేర్చుకుంటాం.

ఒంటిగంట నలభైకి పెద్దాయన కొడుకు పరిగెత్తుకొచ్చాడు. “సిస్టరమ్మా, నాన్నకి చెమటలు పడుతున్నాయి, మాట తేడాగా ఉంది.” వెళ్లేసరికి బనీను పిండితే నీళ్లొచ్చేలా ఉంది. నన్ను చూసి ఎవరో ఆడపిల్ల పేరు పెట్టి పిలిచారు. వేలికి గుచ్చి షుగర్ చూస్తే 38. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయించి, ఆయన వచ్చేలోపు 25 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) బాటిల్ ఎక్కించడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో మనిషి తేరుకున్నారు. “ఆకలేస్తోందమ్మా” అన్నారు.

ఎందుకు పడిపోయిందన్నది అప్పుడు బుర్రలోకి వచ్చింది. ఫ్రిజ్ తీసి వయల్ పట్టుకుని లైటు కిందకి వచ్చి చూశాను. 100. గుండె జారిపోయింది. వెంటనే డాక్టర్‌గారి దగ్గరకి వెళ్లి, “సార్, వయల్ 100ది, నేను 40 సిరంజితో లాగాను, 50 యూనిట్లు వెళ్లింది” అని చెప్పేశాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. తిట్టలేదు. “మిక్స్‌డ్ కదా, ఇంకా చాలాసేపు లాగుతుంది. 10 శాతం డ్రిప్ పెట్టండి, గంట గంటకీ షుగర్ చూడండి, రేపు సాయంత్రం దాకా ఆపొద్దు” అన్నారు. కేస్ షీట్‌లో ఆయనే రాశారు, ఏం జరిగిందో సహా.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

మూడున్నరకి గంట షుగర్ రాద్దామని చార్ట్ తీశాను. ‘2 ఏఎం, 130/80, నిద్రపోతున్నారు’ అని నా రాతే నన్ను చూస్తోంది. రెండింటికి ఆయన నిద్రపోవడం లేదు, చేతికి డెక్స్‌ట్రోస్ ఎక్కుతోంది. పక్క పేజీలోనే డాక్టర్‌గారి నోట్ ఉంది, 1.50 అని టైము వేసి. తప్పు రాత పడితే ఏం చేయాలో ఫస్ట్ ఇయర్ పిల్లకి కూడా తెలుసు. చదవడానికి వీలుగా ఒకే గీత అడ్డంగా కొట్టి, ‘పొరపాటున రాసినది’ అని రాసి, సంతకం పెట్టి, టైము వేసి, కింద అసలుది రాయాలి. నేను అడ్డంగా కాదు, నిలువుగా గీశాను. నల్ల పెన్ను డాక్టర్‌గారు నోట్ రాసి జేబులో పెట్టుకెళ్లిపోయారు. నా జేబులో ఉన్నది నీలం.

డోసు సంగతి అడగకముందే నోరు విప్పి చెప్పినదాన్ని, గంటన్నర తర్వాత ఈ పని ఎందుకు చేశానని చాలాసార్లు అనుకున్నాను. వయల్ విషయంలో నాకు ఒక వాదన ఉంది. ఎవరూ చెప్పలేదు, కొత్త స్టాక్, ఒక్కదాన్నే ఉన్నాను. చార్ట్ విషయంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. చూడని బీపీ రాశాను, అంతే. మనిషికి సిగ్గు ఎక్కడ వేస్తే అక్కడే దాస్తాడేమో.

నాకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. పెద్దాయన అల్లుడి తమ్ముడు హైదరాబాద్‌లో డాక్టరు. “కేస్ షీట్ ఫొటో తీసి పెట్టు” అంటే కొడుకు రాత్రి పన్నెండున్నరకి, నేను వరండాలో కొత్త అడ్మిషన్ చూస్తుంటే, టేబుల్ మీద షీట్ తిరగేసి నాలుగు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. పొద్దున ఆస్పత్రివాళ్లు డోసు ఎక్కువైందని చెప్పాక మళ్లీ తీసి పంపాడు. ఆ డాక్టర్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. రాత్రి ఫొటోలో 2, పొద్దుటి ఫొటోలో 12. అదీగాక, పన్నెండున్నరకి తీసిన ఫొటోలో రెండింటి బీపీ ఎలా ఉంటుంది?

ఆ సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే స్పందనకి ఫిర్యాదు వెళ్లింది, రెండు కలర్ ప్రింట్లతో. ఇన్సులిన్ గురించి అందులో నాలుగు లైన్లు. మిగతా పేజీ అంతా ఆ అంకె గురించే. తర్వాత కొడుకు ఎవరితోనో అన్నాడట, “మందు ఎక్కువైందంటే సరే, మనుషులకి పొరపాట్లు జరుగుతాయి. కానీ మా నాన్న చచ్చిపోయినా నిద్రపోతున్నారనే రాసుండేవాళ్లు కదా” అని. ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మొదట మెమో వచ్చింది, మూడు రోజుల్లో వివరణ ఇవ్వమని. తలా ఒక సలహా. “అసలు ఒప్పుకోకు”, “వర్క్ లోడ్ అని రాయి”, “క్షమించమని ఒక్క ముక్క రాసిచ్చెయ్, వదిలేస్తారు”. నేను డోసు గురించి జరిగింది జరిగినట్టు రాసి, అంకె దగ్గరికొచ్చేసరికి ‘స్పష్టత కొరకు సరిదిద్దితిని’ అని రాశాను. ఈ మెమోల భాష చిత్రం, ఇంట్లో ఎప్పుడూ ‘సరిదిద్దితిని’ అనని మనిషి చేత కూడా అనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం తర్వాత ఎంక్వైరీలో డాక్యుమెంట్‌గా నా ముందుకే వచ్చింది. ఎవరికైనా మెమో వస్తే నేను చెప్పేది ఒకటే, మొదటి వివరణ రాయడానికి టెన్షన్‌లో కూర్చోవద్దు. గడువు కావాలని అడగొచ్చు, ఇస్తారు. తర్వాత ఎన్ని కాగితాలు రాసినా అందరూ తీసి చూసేది మొదటిదాన్నే.

ఇద్దరు డాక్టర్లు వచ్చి ప్రిలిమినరీ ఎంక్వైరీ చేసి వెళ్లారు. ఆగస్టు నెలాఖరున సస్పెన్షన్. ప్రభుత్వ ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలకు ఉన్న 1991 నాటి సీసీఏ రూల్స్‌లో ఎనిమిదో రూలు. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లకూడదని అందులోనే రాసి ఉంటుంది. అటెండర్ వార్డుకే తెచ్చి ఇచ్చాడు. సంతకం పెట్టి తీసుకుని, అల్మరా తాళాలు అప్పజెప్పి, మందుల లెక్క చూపించి, మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చాను. సస్పెన్షన్ అనేది శిక్ష కాదు, విచారణ సాగడానికి చేసే ఏర్పాటు మాత్రమే అంటుంది రూలు. మా వీధిలో ఆ రూలు ఎవరికీ తెలియదు.

సస్పెన్షన్‌లో జీతం ఉండదు, జీవనభృతి ఉంటుంది. సగం జీతం సెలవులో ఎంత వస్తుందో అంత, దాని మీద డీఏ. మూడు నెలలు దాటాక, ఆలస్యానికి కారణం మనం కాకపోతే, దాని మీద ఇంకో సగం దాకా పెంచొచ్చు. అడిగితేనే పెంచుతారు, నేను అర్జీ పెట్టుకుంటేనే పెంచారు. ప్రతి నెలా ‘నేను మరే ఉద్యోగంగానీ వ్యాపారంగానీ చేయడం లేదు’ అని సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నెల డబ్బులు ఆగుతాయి. సొసైటీ లోను కటింగు మాత్రం ఆగదు. అక్టోబర్‌లో మా వారు బ్యాంకులో నా గాజులు పెట్టి వచ్చారు. ఆ రోజుల్లోనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్ నుంచి కబురొచ్చింది. “రండి సిస్టర్, నైట్స్ చేయండి, రిజిస్టర్‌లో మీ పేరు రాయం, చేతికి ఇచ్చేస్తాం.” రెండు రోజులు ఆలోచించాను. అబద్ధం సర్టిఫికెట్ ఇస్తే అది ఇంకో ఛార్జ్ అవుతుందన్న భయం ఒకటి. పేరు రాయని రిజిస్టర్ అన్న మాట వినగానే ఒళ్లు జలదరించడం ఇంకొకటి. వెళ్లలేదు.

డిసెంబర్‌లో ఛార్జ్ మెమో వచ్చింది, అవే రూల్స్‌లో ఇరవయ్యో రూలు కింద. అంటే పెద్ద శిక్ష వేయడానికి వీలున్న విచారణ. నాలుగు అనుబంధాలు. మొదటిదాంట్లో ఆరోపణలు, రెండోదాంట్లో వాటి వివరం, మూడోదాంట్లో డాక్యుమెంట్ల జాబితా, నాలుగోదాంట్లో సాక్షుల జాబితా. ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోవాలి, జాబితాలో రాసిన ప్రతి కాగితం కాపీ అడిగి తీసుకోవాలి. జవాబుకి పది రోజులు. ఆరోపణలు మూడు. నిర్లక్ష్యంగా మందు డోసు ఎక్కువ ఇవ్వడం. చూడకుండా రికార్డు ముందే రాయడం, తర్వాత దాన్ని దిద్దడం. విషయం పై అధికారులకు చెప్పకుండా దాచడం. కిందంతా ‘ప్రభుత్వ ఉద్యోగికి తగని ప్రవర్తన’, 1964 కాండక్ట్ రూల్స్, మూడో రూలు. కాగితం నిండా నా పేరు లేదు, ‘ఛార్జ్డ్ ఆఫీసర్’ అనే ఉంది. పదహారేళ్లలో నన్ను ఆఫీసర్ అని ఎవరూ అనలేదు, అనక అనక అప్పుడు అన్నారు.

లాయర్‌ని పెట్టుకోవడానికి మామూలుగా ఒప్పుకోరు, అవతల డిపార్ట్‌మెంట్ తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ లాయరైతే తప్ప. తోటి ప్రభుత్వ ఉద్యోగిని సాయంగా పెట్టుకోవచ్చు. మా యూనియన్ అక్క ఒకాయన దగ్గరకి తీసుకెళ్లింది. వేరే డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ అసిస్టెంటు, ఇలాంటివి చాలా చూసినాయన. రూల్స్ పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది, పేజీ చూడకుండా నంబర్లు చెప్పేవారు. ఎంక్వైరీ రిపోర్ట్ కాపీ మన చేతికి ఇవ్వకుండా శిక్ష వేయడానికి వీల్లేదని 1993లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని మొదటిసారి ఆయన నోటే విన్నాను. మన హైదరాబాద్ కంపెనీ కేసు దేశమంతా ఉద్యోగుల్ని కాపాడుతోందమ్మా అని కాస్త గర్వంగా చెప్పారు.

ఆయన కాగితాలన్నీ రెండుసార్లు చదివారు. “రెండో ఛార్జ్ ఒప్పుకోవద్దు” అన్నారు. “ఫొటో ఎవరి ఫోనులోదో, టైము మార్చారో లేదో ఎవరికి తెలుసు? గీత మీరే గీశారని చూసినవాళ్లు ఎవరూ లేరు. కోర్టులో లాగా ఇక్కడ గట్టి రుజువు అక్కర్లేదు, నిజమే. జరిగి ఉంటుందనిపించేలా ఉంటే చాలు వాళ్లకి. కానీ మనం కాదంటే వాళ్లు కొంచెమైనా కష్టపడాలి కదా.”

నాకూ అదే మేలనిపించింది. ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాక ఒక సందేహం మొదలైంది. గీత నేను గీయలేదంటే మరెవరు గీశారు? ఆ షీట్ రాత్రంతా నా దగ్గర ఉంది. ఎనిమిదింటికి మార్నింగ్ డ్యూటీ సిస్టర్ చేతికి ఇచ్చాను. పొద్దుటి ఫొటో తీసింది తొమ్మిదిన్నరకి. అంటే మధ్యలో గంటన్నర షీట్ ఆ పిల్ల దగ్గర ఉంది. కాంట్రాక్టు పిల్ల. నాకైతే మెమో, సస్పెన్షన్, ఛార్జ్ షీట్, సాక్షులు, రిపోర్ట్ మీద జవాబుకి పదిహేను రోజులు, అప్పీలు, ఇన్ని మెట్లు ఉన్నాయి. ఆ పిల్లకి ఒక్క మెట్టే. ‘మీ సేవలు అవసరం లేదు’ అని ఒక కాగితం. నా ‘నేను కాదు’ అన్న మాట నేరుగా వెళ్లి ఆ పిల్ల మీద పడుతుంది.

మర్నాడు వెళ్లి ఒప్పుకుంటానని చెప్పాను. ఆయన పుస్తకం మూసి, “మీ ఇష్టమమ్మా” అన్నారు. రెండు నిమిషాలాగి, “అయితే ఆ రాత్రి ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది సిస్టర్లు, సెన్సస్ రిజిస్టర్ కాపీ, డ్యూటీ రోస్టర్ కాపీ, స్టోర్ నుంచి మందులు తెప్పించిన ఇండెంట్ బుక్ కాపీ అడుగుదాం. ఒప్పుకోవడం వేరు, మొత్తం నెత్తిన వేసుకోవడం వేరు” అన్నారు. అది ఆయన నాకు చేసిన అసలైన సాయం.

మార్చిలో సస్పెన్షన్ ఎత్తేశారు, విచారణ పెండింగ్‌లో ఉంచి. పోస్టింగ్ మాత్రం వేరే ఆస్పత్రికి. హియరింగ్‌లు ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగుసార్లు జరిగాయి. ఎంక్వైరీ ఆఫీసర్ వేరే ఊరి పెద్ద డాక్టరుగారు. ఒక మీటింగ్ హాలు, పొడవాటి బల్ల, మధ్యలో ప్లాస్టిక్ పూలు. ప్రతిసారీ చివర్లో ఆ రోజు ఏం జరిగిందో టైపు చేసి అందరిచేతా సంతకం పెట్టిస్తారు. సంతకానికి ముందు చదవాలి. టైపిస్టు ఎదురు చూస్తున్నాడని మొహమాటపడకూడదు.

ఫార్మసిస్టు, 100 వయల్ అని ఇండెంట్ స్లిప్‌లో రాశానన్నాడు. రాసి ఉంది, నిజమే. ఆ స్లిప్ వార్డుకి రాదు, స్టోర్‌లోనే ఉంటుంది. డ్యూటీ డాక్టర్‌గారు, “డోసు సంగతి సిస్టరే వచ్చి చెప్పారు. చెప్పకపోతే పొద్దున షుగర్ నార్మల్‌గా ఉందని డ్రిప్ తీయించేసేవాణ్ని” అన్నారు. మూడో ఛార్జ్ అక్కడితో పోయింది.

మూడో హియరింగ్‌లో పెద్దాయన కొడుకు వచ్చాడు. ఫొటో ఎప్పుడు, ఎందుకు తీశాడో చెప్పాడు. నా తరఫున ఏమైనా అడగాలా అన్నారు. మా సీనియర్ అసిస్టెంటుగారు ఏదో కాగితం తీయబోతే వద్దని సైగ చేసి, “నాన్నగారు ఎలా ఉన్నారండీ?” అన్నాను. ఎంక్వైరీ ఆఫీసర్, అది విచారణకు సంబంధం లేని ప్రశ్న, రాయొద్దని టైపిస్టుకి చెప్పారు. అతను మాత్రం జవాబిచ్చాడు. “బాగున్నారు. కాలు మానింది. ఇప్పుడు ఇన్సులిన్ మా ఆవిడ చేస్తుంది.” కొంచెం ఆగి, “లేబుల్ చూసుకుని చేస్తుంది” అన్నాడు. వెటకారంగా అన్నాడని నేననుకోను. ఉన్నమాట చెప్పాడు.

చివర్లో నన్ను అడిగారు. “సిస్టర్, ఆ రెండింటి బీపీ ఎక్కడి నుంచి వచ్చింది?”

“పదింటిదే రాశాను సార్.”

“మిగతా నలభైమందివి?”

హాల్లో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. “అవీ అంతే సార్. ఆ ఒక్క రాత్రి సంగతే కాదు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రెజెంటింగ్ ఆఫీసర్ వాచీ చూసుకున్నారు. “భోజనానికి ఆపుదాం” అన్నారు. సాయంత్రం సంతకానికి వచ్చిన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాను. పద్నాలుగో మంచం గురించిన ప్రశ్న ఉంది, నా జవాబు ఉంది. మిగతా నలభై మంచాల ప్రశ్న లేదు. ఇదేంటని అడగొచ్చు, అడిగే హక్కు నాకుంది. అడగలేదు. ఆ రోజుకి ఓపిక అయిపోయింది.

ఈ మధ్యలో నన్ను రాత్రుళ్లు నిద్రపోనీయని భయం ఉద్యోగం గురించి కాదు, రిజిస్ట్రేషన్ గురించి. ఉద్యోగం పోతే ఇంకోచోట చేసుకోవచ్చు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు తీసేస్తే తెల్లబట్టలే ఉండవు. డిపార్ట్‌మెంట్ విచారణ వేరు, కౌన్సిల్ విచారణ వేరు, ఒకటి ముగిసినా రెండోది రావచ్చు. నా విషయంలో కౌన్సిల్‌కి ఎవరూ రాయలేదు. నా క్లాస్‌మేట్ ఒకతి బ్రిటన్‌లో చేస్తోంది. ఫోన్లో విని, “ఇక్కడైతే నేరుగా ఎన్ఎంసీకి, అంటే ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి వెళ్లేదే, తీర్పు వాళ్ల వెబ్‌సైట్‌లో పేరుతో సహా పెడతారు” అంది. అక్కడి నర్సుల కోడ్‌లో రికార్డు సరిగ్గా, అబద్ధం లేకుండా రాయాలని విడిగా ఒక అంశమే ఉందట. మందు పొరపాటు చేసి వెంటనే చెప్పినవాళ్లకి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి వదిలేయడం చూశానుగానీ, రికార్డు దిద్దినవాళ్లు అంత తేలిగ్గా బయటపడటం చూడలేదని చెప్పింది. ఊరడించడానికే ఫోన్ చేసింది పాపం. మన దగ్గర కూడా 2023 ఆగస్టులో, నా ఫైలు ఇంకా తిరుగుతుండగానే, నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో అది. రిజిస్టర్లు, నైతిక ప్రవర్తన చూడటానికి వేరే బోర్డు ఉంటుందని అందులో ఉంది. పేపర్లో ఆ వార్త చదువుతుంటే టీ చల్లారిపోయింది.

జులైలో ఎంక్వైరీ రిపోర్ట్ కాపీ వచ్చింది. మొదటి ఛార్జ్ కొంతమేరకు రుజువు, ఎందుకంటే కొత్త స్టాక్ సంగతి వార్డుకి చెప్పలేదు, ఒక్కరే డ్యూటీలో ఉన్నారు. రెండోది పూర్తిగా రుజువు, ఒప్పుకున్నందున. మూడోది రుజువు కాలేదు. దాని మీద మన మాట చెప్పుకోవడానికి పదిహేను రోజులు. ఒకటిన్నర పేజీ రాశాను, ఈసారి ‘సరిదిద్దితిని’ లేకుండా.

సెప్టెంబర్‌లో ఫైనల్ ఆర్డర్. రెండు ఇంక్రిమెంట్లు, క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా ఆపడం. అంటే రెండేళ్లు ఆగి తర్వాత మళ్లీ కలుస్తాయి. క్యుములేటివ్ అయితే ఆ కోత పెన్షన్ దాకా వెంటాడేది. సస్పెన్షన్‌లో ఉన్న ఏడు నెలల్ని నా అర్జీ మీద అర్హత ఉన్న సెలవుగా మార్చారు. రిటైరయ్యాక పనికొస్తాయని ఒక్కటొక్కటిగా దాచుకున్న ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) దాదాపు అన్నీ దానికే పోయాయి. హెడ్ నర్స్ ప్రమోషన్ లిస్టులో నా వెనక ఉన్నవాళ్లు ముందుకెళ్లారు. అప్పీలు చేయమన్నారు చాలామంది. చేయలేదు. వయల్ ఒక్కటే అయితే సెన్షూర్‌తో, అంటే కాగితం మీద మందలింపుతో పోయేది అన్నారు సీనియర్ అసిస్టెంటుగారు. నిజమే అయి ఉంటుంది.

ఇప్పుడున్న ఆస్పత్రిలో కూడా మెడికల్ వార్డే. చేరిన నెలకి ఒక నైట్‌లో నాతో కొత్తగా వచ్చిన అమ్మాయి పడింది. పదకొండున్నరకి చూస్తే టేబుల్ దగ్గర వంగి గబగబా రాస్తోంది. రెండింటివి అయిపోయి ఆరింటి గడిలోకి వెళ్లిపోయింది. నేను వెళ్లి పక్కన కుర్చీ లాక్కున్నాను. నా కథ ఆ పిల్లకి తెలుసు, ఇలాంటివి మనకంటే ముందే కొత్త ఊరు చేరతాయి. పెన్ను కింద పెట్టేసింది.

“మేడమ్, ముప్పై ఆరు మంది. రెండింటికి మొదలెడితే చివరివాళ్ల దగ్గరికి వెళ్లేసరికి నాలుగవుతుంది” అంది.

“అయితే చివరివాళ్లకి నాలుగని రాద్దాం” అన్నాను.

అడ్డంగా ఒక్కొక్క గీత కొట్టుకుంటూ, సంతకాలు పెట్టుకుంటూ వచ్చాం, ముప్పై ఆరు షీట్లూ. రెండింటికి లేచి చెరొక బీపీ మిషన్ తీసుకుని బయల్దేరాం. ఒకాయన తిట్టాడు, నిద్ర లేపామని. ఇరవై రెండో మంచం ఆయనకి 170/110 ఉంది, డాక్టర్‌ని పిలిచాం. 2.04, 2.09, 2.15 అని చూసిన టైములే రాశాం. ఆఖరిది 3.40.

పొద్దున హెడ్ సిస్టర్ రౌండ్స్‌కి వచ్చి చార్టులు తిరగేసి మొహం చిట్లించారు. “ఇదేంటమ్మా, ఒక్కొక్కరికి ఒక్కో టైము? ఇన్‌స్పెక్షన్ వస్తే ఎంత గలీజుగా కనిపిస్తుంది! అన్నీ రెండింటికే రాయాలి కదా.”

“చూసింది అప్పుడేనండి” అన్నాను.

ఆవిడ ఏదో అనబోయి, కొట్టేసిన గీతల పక్కన వరసగా ఉన్న సంతకాలు చూసి, చార్ట్ మూసి పక్క మంచానికి వెళ్లిపోయారు.